మధురవాణి (కన్యాశుల్కం)

మధురవాణి, గురజాడ అప్పారావు రచించిన కన్యాశుల్కం నాటకంలోని ఒక ప్రధాన పాత్ర. విజయనగరానికి చెందిన వేశ్యగా ఈ పాత్రను రచయిత చిత్రించాడు. నాటకంలో ఆమె మొదట గిరీశం ఆశ్రయంలోను, తరువాత రామప్ప పంతులు ఆశ్రయంలోను ఉంటుంది. ఈ రెండు పొత్తులలోనూ డబ్బు, అధికారం, కదలికల స్వేచ్ఛ పురుషుని వైపే ఉంటాయి. నమ్మకం మాత్రం ఇద్దరి వైపునా ఉండదు. ముఖ్యంగా రామప్ప పంతులుతో ఆమె పొత్తు ఒక బూటకపు పెళ్ళికీ, ఒక కంటె తగాదాకూ, చివరకు జరగని హత్యపై నడిచిన నేర విచారణకూ ముడిపడి ఉంది. ఆ విచారణలో నిజాన్ని బయటపెట్టేది మధురవాణియే. తెలుగు సాహిత్యంలో అత్యధికంగా చర్చకు వచ్చిన స్త్రీ పాత్రలలో ఇది ఒకటి.

నాటక నేపథ్యం

కన్యాశుల్కం నాటకాన్ని తొలిసారిగా 1892 ఆగస్టు 13న విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు ప్రదర్శించారు. నాటకం 1897లో అచ్చయింది. గురజాడ దీనిని విజయనగర సంస్థానాధీశుడు ఆనంద గజపతి రాజుకు అంకితమిచ్చాడు. పెద్దగా మార్చి, పెంచి వ్రాసిన రెండవ ముద్రణ 1909లో వెలువడింది. నేడు పాఠకులు చదివేది, రంగస్థలంపై చూసేది చాలావరకు ఈ రెండవ రూపమే.

ఆడపిల్లను వరునికి సొమ్ము తీసుకొని ఇచ్చే ఆచారాన్ని కన్యాశుల్కం అంటారు. ఆనంద గజపతి ఈ ఆచారం ఎంత విస్తరించి ఉన్నదో తెలుసుకోదలచి అప్పటి విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ళలో జరిగిన ఇటువంటి వివాహాల జాబితా తయారు చేయించాడు. గురజాడ తన ఆంగ్ల పీఠికలో పేర్కొన్న లెక్క ప్రకారం ఆ సంఖ్య 1034. ఆ వధువులలో 99 మంది అయిదేళ్ళవారు, 44 మంది నాలుగేళ్ళవారు, 36 మంది మూడేళ్ళవారు, ఆరుగురు రెండేళ్ళవారు, ముగ్గురు ఏడాది వయసు శిశువులు. ఇలా పెళ్ళయిన పిల్లలు చాలామంది చిన్న వయసులోనే వితంతువులయ్యేవారు. నాటకంలోని బుచ్చమ్మ, మీనాక్షి అటువంటివారే.

నాటకం విజయనగరం, కృష్ణరాయపురం అగ్రహారం, రామచంద్రపురం అగ్రహారం, విశాఖపట్నం అనే నాలుగు చోట్ల నడుస్తుంది. అగ్రహారాలు రెండూ కల్పితాలు. మొదటి అంకం జరిగే బొంకుల దిబ్బ మాత్రం విజయనగరం కోట సమీపంలో నిజంగా ఉన్న ప్రదేశం. నాటక కాలానికి ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. శ్రీకాకుళం జిల్లా 1950లోను, విజయనగరం జిల్లా 1979లోను ఏర్పడ్డాయి.

రెండు ముద్రణల మధ్య

1897 నాటి మొదటి ముద్రణలో అయిదు అంకాలు, 1909 నాటి రెండవ ముద్రణలో ఏడు అంకాలు ఉన్నాయి. మొదటి దానిలో మధురవాణి పాత్ర చిన్నది. రెండవ దానిలో ఆమె కథకు కీలకమైంది. గిరీశం, రామప్ప పంతులు, కరటక శాస్త్రి, లుబ్ధావధాన్లు, సౌజన్యారావు పంతులు అనే వేర్వేరు వ్యక్తుల కథలు ఒకచోట కలిసేది ఆమె వద్దనే.

ఈ రెండు ముద్రణల నడుమ గురజాడ జీవితంలో ఒక మార్పు జరిగింది. 1897లో ఆనంద గజపతి మరణించాడు. తరువాత గురజాడ ఆయన సోదరి అయిన రీవా మహారాణి అప్పల కొండయాంబకు ఆంతరంగిక కార్యదర్శిగా నియమితుడయ్యాడు. సంస్థాన వారసత్వానికి సంబంధించిన వ్యాజ్యం పనులలో ఆయనకు సన్నిహిత పరిచయం కలిగింది. 1909 నాటి నాటకంలో కోర్టులు, వకీళ్ళు, సాక్షులు, దస్తావేజులు, పోలీసులు ఎక్కువ చోటు ఆక్రమించడం గమనించదగినది.

గిరీశంతో పొత్తు

నాటకం మొదలయ్యేసరికి మధురవాణి గిరీశం ఉంచుకున్న స్త్రీ. గిరీశం ఇంగ్లీషు చదువు, సంఘ సంస్కరణ గురించి గొప్పగా ఉపన్యసించే వ్యక్తి. చేతిలో మాత్రం కాసు ఉండదు. పూటకూళ్ళ ఇల్లు నడుపుకొనే ఒక వితంతువు వద్ద తిండి, ఆశ్రయం పొందుతూ, ఆమె సొమ్మును మధురవాణి కోసం ఖర్చు పెడుతుంటాడు. వేశ్యావృత్తిని ఖండించే మాటలు, వేశ్యతో సహవాసం రెండూ అతనికి ఒకేసారి సాధ్యమే.

ఈ పొత్తు ఎలా ముగిసిందో చెప్పే సన్నివేశం నాటకంలో ప్రసిద్ధమైన హాస్య ఘట్టం. మధురవాణిని తన వెంట తీసుకొని పోవడానికి రామప్ప పంతులు ఆమె ఇంటికి వస్తాడు. ఆ సమయానికి గిరీశం, అతని వెనుకనే పూటకూళ్ళమ్మ రావడంతో ఇద్దరు పురుషులూ ఒకే మంచం క్రింద దాక్కోవలసి వస్తుంది. పూటకూళ్ళమ్మ చీపురు దెబ్బ గిరీశానికి కాక రామప్ప పంతులుకు తగులుతుంది. గిరీశం తప్పించుకొని పోతాడు. నవ్వు పుట్టించే ఈ ఘట్టంలోనే తరువాతి కథ అంతా సూచనగా ఉన్నది. తప్పు చేసిన వాడొకడు, దెబ్బ తినేవాడు మరొకడు. మధురవాణి ఇద్దరి స్వభావాన్నీ అప్పుడే కళ్ళారా చూస్తుంది.

రామప్ప పంతులుతో పొత్తు

రామప్ప పంతులు రామచంద్రపురం అగ్రహార వాసి. ఊరిలోని తగవులలో తలదూర్చడం, దొంగ దస్తావేజులు పుట్టించడం, సాక్షులను కుదర్చడం, పెళ్ళి బేరాలలో మధ్యవర్తిత్వం చేయడం అతని జీవనోపాధి. పోలీసులు, కోర్టు ఉద్యోగులు తన చెప్పుచేతలలో ఉన్నారని చెప్పుకుంటాడు. మధురవాణిని విజయనగరం నుండి తన ఊరికి తీసుకొని పోయి ఇంటిలో ఉంచుకుంటాడు.

ఈ ఏర్పాటు ఇద్దరికీ ఒకే విధమైనది కాదు. పంతులు ఎక్కడికైనా వెళ్ళవచ్చు, ఎవరితోనైనా మాట్లాడవచ్చు. లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షితో అతనికి సంబంధం ఉన్నదన్న సంగతి నాటకంలో దాపరికం లేకుండానే తెలుస్తుంది. మధురవాణి వద్దకు మాత్రం పరపురుషులు రాకూడదని అతని నిర్బంధం. ఆమె భుక్త, పోలిశెట్టి, సిద్ధాంతులతో కలిసి పేకాట ఆడే ఘట్టంలో పంతులు అనుమానం, అసూయ బయటపడతాయి. తాను నమ్మదగినవాడు కాకపోయినా ఎదుటి మనిషి మాత్రం తనకు నమ్మకంగా ఉండాలని అతని పట్టుదల.

మధురవాణికి పంతులుపై భ్రమలు ఎక్కువ కాలం నిలువవు. పైకి కనిపించే డాబుకు, లోపలి స్థితికి పొంతన లేదని ఆమె గ్రహిస్తుంది. తన తెలివికి తీసికట్టైన మనిషి ముందు తెలివితక్కువ దానివలె నటించవలసి రావడం ఆమె విసుగుకు మూలం. ఆమె పంతులును ఎదిరించి మాట్లాడడం అరుదు. పొగుడుతున్నట్లు కనిపించే మాటలతో అతన్ని ఎగతాళి చేస్తుంది, అమాయకపు ప్రశ్నలతో అతని అబద్ధాలను అతని చేతనే బయటపెట్టిస్తుంది. పంతులుకు అది తన మీద ప్రేమగా తోస్తుంది. ప్రేక్షకునికి మాత్రం అసలు సంగతి తెలుస్తూ ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాయే ఈ ఘట్టాలలోని హాస్యానికి ఆధారం.

బూటకపు పెళ్ళి

కృష్ణరాయపురం అగ్రహారానికి చెందిన అగ్నిహోత్రావధాన్లు తన చిన్న కూతురు సుబ్బిని ముసలివాడైన లుబ్ధావధాన్లుకు 1800 రూపాయలకు ఇవ్వడానికి నిశ్చయిస్తాడు. పెద్ద కూతురు బుచ్చమ్మ అప్పటికే బాల వితంతువు. ఈ సంబంధం ఇష్టం లేక తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది, ఆమెను రక్షిస్తారు. వెంకమ్మ సోదరుడు కరటక శాస్త్రి ఈ పెళ్ళిని ఎలాగైనా తప్పించాలని పూనుకొంటాడు. తన శిష్యుడు మహేశానికి ఆడపిల్ల వేషం వేసి, తాను గుంటూరు శాస్త్రినని చెప్పుకొని, ఆ "పిల్ల"ను లుబ్ధావధాన్లుకే అమ్మజూపుతాడు.

కరటక శాస్త్రికి మధురవాణి పూర్వ పరిచితురాలు. పసిపిల్ల గొంతు కోసే పెళ్ళిని తప్పించడానికి ఆమె సాయం కోరతాడు. ఆమె అంగీకరిస్తుంది. ఇక్కడినుండి మధురవాణి ఏకకాలంలో రెండు పొత్తులలో ఉంటుంది. ఒకటి అందరికీ తెలిసినది, రామప్ప పంతులుతో. మరొకటి రహస్యమైనది, కరటక శాస్త్రితో. మొదటిదానిలో ఆమెకు భయం, విసుగు ఉన్నాయి. రెండవ దానిలో ప్రతిఫలం ఏమీ లేకపోయినా నమ్మకం ఉన్నది. పెళ్ళి బేరంలో తనకు లాభం కలుగుతుందన్న ఆశతో రామప్ప పంతులే మధ్యవర్తిగా నిలిచి, ఈ మోసానికి తెలియకుండానే పనిముట్టు అవుతాడు.

కంటె తగాదా

పెళ్ళికూతురి అలంకారం కోసం రామప్ప పంతులు మధురవాణి కంటెను ఎరువు తీసుకుంటాడు. పెళ్ళి అయిన తరువాత కంటె తిరిగి రాదు. వధువు వేషంలోని శిష్యుడు ఒక రాత్రి వేషం తీసివేసి మాయమవుతాడు. కంటె తెస్తే తప్ప ఇంటిలో అడుగు పెట్టవద్దని మధురవాణి పంతులుకు ఖండితంగా చెబుతుంది.

ఈ తగాదా నాటకంలో పైకి కనిపించేటంత చిన్నది కాదు. పెళ్ళి చేసుకున్న స్త్రీకి భరణం, వారసత్వం వంటి విషయాలలో కొంతైనా ఆధారం ఉండేది. ఉంచుకున్న స్త్రీకి చేతిలోని నగలే ఆస్తి, అవే వృద్ధాప్యానికి ఆధారం. మాట మీద ఇచ్చిన నగను మాట తప్పి పోగొట్టిన పంతులును ఆమె వాకిట నిలబెట్టడం, వారి పొత్తులో మొదటిసారిగా షరతు ఆమె పెట్టడమే. అంతవరకు గుమ్మం పంతులుది, కాపలా పంతులుది. కంటె ఘట్టం నుండి గుమ్మం మధురవాణిది అవుతుంది.

నేరం జరగని నేర కథ

నాటకం ద్వితీయార్ధం ఒక నేర విచారణ కథ వలె నడుస్తుంది. వధువు అంతకుముందే పెళ్ళయి భర్త పోయిన పిల్ల అన్న వదంతి పుడుతుంది. లుబ్ధావధాన్లుకు పీడకలలు వస్తాయి. అంతలో వధువు కనిపించకుండా పోతుంది. ముసలివాడే ఆమెను చంపాడన్న అనుమానం బయలుదేరుతుంది. హెడ్ కానిస్టేబుల్ రంగప్రవేశం చేస్తాడు.

ఈ విచారణలో పాల్గొనే వారెవరికీ నిజం అవసరం లేదు. పోలీసుకు లంచం కావాలి. రామప్ప పంతులు వంటివారికి ఇది లాభం తెచ్చే అవకాశం. ఊరివారికి వినోదం. లుబ్ధావధాన్లు పిసినారి, పసిపిల్లను కొనబోయిన ముసలివాడు. అయినా హంతకుడు కాడు. చనిపోయిందనుకుంటున్న వధువు బ్రతికే ఉన్నది, పైగా ఆమె అసలు స్త్రీయే కాదు. ఈ సంగతి కరటక శాస్త్రికి, శిష్యునికి, మధురవాణికి తెలుసు. మంచి ఉద్దేశంతో మొదలైన మోసం ఒక నిరపరాధిని ఉరికంబం వరకు తీసుకొని పోయే ప్రమాదం ఏర్పడినప్పుడు, ఆ మోసంలో పాలుపంచుకున్న వారి బాధ్యత ఏమిటన్న ప్రశ్న ఇక్కడ పుడుతుంది. కరటక శాస్త్రి నిజం చెబితే తాను, తన శిష్యుడు చిక్కులలో పడతారు. కనుక ఆ భారం మధురవాణి మీద పడుతుంది.

సంస్కృతంలో శూద్రకుని మృచ్ఛకటికంతో ఈ కథకు పోలికలున్నాయి. అందులోనూ వేశ్య అయిన వసంతసేన నగలు కథను నడుపుతాయి. బ్రతికే ఉన్న వసంతసేనను చంపాడన్న ఆరోపణపై చారుదత్తునికి మరణశిక్ష పడుతుంది. ఆమె సజీవంగా రావడంతో అతను బయటపడతాడు. ముఖ్యమైన తేడా ఏమిటంటే, చారుదత్తుడు ఉత్తముడు, వసంతసేనకు ప్రియుడు. లుబ్ధావధాన్లు మధురవాణికి ఏమీ కాడు, గౌరవింపదగినవాడు కూడా కాడు. అయినా ఆమె అతన్ని కాపాడుతుంది.

సౌజన్యారావు పంతులు ఎదుట

చివరి అంకం విశాఖపట్నంలో జరుగుతుంది. లుబ్ధావధాన్లుపై హత్యారోపణ, బుచ్చమ్మను లేవదీసుకొని పోయాడని గిరీశంపై అగ్నిహోత్రావధాన్లు తెచ్చిన వ్యాజ్యం, రెండూ అక్కడికి చేరతాయి. లుబ్ధావధాన్లు పక్షాన సౌజన్యారావు పంతులు అనే వకీలు నిలుస్తాడు. ఆయన నీతిపరుడు, సంస్కరణవాది. వేశ్యలను దరి చేరనీయరాదన్నది ఆయన నియమం.

మధురవాణి పురుష వేషంలో ఆయన ఇంటికి వెళుతుంది. హత్య కేసులోని నిజం ఒక వేశ్యకు తెలుసునని, ఆమె కోరే ప్రతిఫలం ఇస్తే చెబుతుందని అంటుంది. చివరకు ఆ ప్రతిఫలం ఒక ముద్దు అని తేలుతుంది. ఒక నిరపరాధి ప్రాణం కోసం సౌజన్యారావు తన నియమాన్ని సడలించడానికి సిద్ధపడతాడు. వధువు మగపిల్లవాడన్న నిజాన్ని ఆమె చెప్పి, తానెవరో బయటపెట్టుకొంటుంది. ఆ తరువాత తనకు రావలసిన ముద్దును తానే వదులుకొంటుంది. చెడని వారిని చెడగొట్టరాదని తన తల్లి నేర్పినట్లు చెబుతుంది. సౌజన్యారావు ఆమెకు భగవద్గీతను ఇస్తాడు. గిరీశం అసలు స్వరూపం కూడా ఆమె వల్లనే బయటపడుతుంది. బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపడానికి నిశ్చయమవుతుంది.

నాటకంలో మధురవాణి కుదుర్చుకొనే బేరాలలో ఇది ఒక్కటే సమానుల మధ్య జరిగినది. గిరీశం, రామప్ప పంతులు ఆమెకు మాట ఇచ్చి తప్పినవారు. సౌజన్యారావు తనకు ఇష్టం లేని మాటను కూడా నిలబెట్టుకోవడానికి సిద్ధపడినవాడు. మాట నిలబెట్టుకొనే మనిషి ఎదురైనప్పుడు, ఆమె ఆ మాట నుండి అతనికి విముక్తి ఇస్తుంది. అయితే ఈ ఘట్టంలోనూ అసమానత పూర్తిగా తొలగలేదు. నిజం చెప్పడానికి ఆమె పురుష వేషం వేసుకోవలసి వచ్చింది. తన రూపంలో వెళితే ఆ ఇంటి గుమ్మం కూడా దాటనిచ్చేవారు కాదు.

చట్టము, ఆచారము

మధురవాణి వంటి స్త్రీల పొత్తులకు నాటి చట్టంలో రక్షణ లేదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 23వ సెక్షను ప్రకారం అనైతికమైన ప్రతిఫలంతో కూడిన ఒప్పందం చెల్లదు. ఆ సెక్షను క్రింద ఇచ్చిన ఉదాహరణలలో ఒకటి స్త్రీని ఉంపుడుగత్తెగా అద్దెకిచ్చే ఒప్పందానికి సంబంధించినదే. అంటే ఉంచుకొనే పురుషుడు ఏ మాట ఇచ్చినా, దానిని తప్పితే ఆ స్త్రీ కోర్టుకు వెళ్ళి గెలిచే దారి లేదు. నాటకంలో ఈ సెక్షను ప్రస్తావన రాదు. అయినా రామప్ప పంతులు వంటి వ్యాజ్యాల మనిషితో వేశ్య పొత్తులో ఆమె ఎందుకంత జాగ్రత్తగా ఉండవలసి వచ్చిందో అర్థం చేసుకోవడానికి ఇది ఉపకరిస్తుంది.

ఇదే కాలంలో కందుకూరి వీరేశలింగం, రఘుపతి వెంకటరత్నం నాయుడు మొదలైన సంస్కర్తలు వేశ్యల నాట్య మేళాలకు వ్యతిరేకంగా ఉద్యమం నడిపారు. పెళ్ళిళ్ళలో, విందులలో మేళాలు పెట్టించరాదని, వాటికి హాజరు కారాదని ప్రచారం చేశారు. సౌజన్యారావు పాత్ర ఈ ఉద్యమ భావాలకు ప్రతిరూపం. మేళాన్ని మానిపించిన తరువాత ఆ స్త్రీల జీవనం ఏమి కావాలన్న ప్రశ్నను మధురవాణి పాత్ర సంస్కర్తల ముందు ఉంచుతుంది. దేవాలయాలకు స్త్రీలను అంకితం చేయడాన్ని నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రంలో చట్టం 1947లో వచ్చింది. బాల్య వివాహ నిరోధానికి శారదా చట్టం 1929లో వచ్చింది.

భాష

కన్యాశుల్కం వ్యావహారిక భాషలో వ్రాసిన నాటకం. పాత్రల కులం, వృత్తి, చదువులను బట్టి వారి మాట మారుతుంది. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతపు పలుకుబడి అందులో నిండుగా ఉన్నది. గురజాడకు సహాధ్యాయి, మిత్రుడు అయిన గిడుగు రామమూర్తి నడిపిన వ్యావహారిక భాషోద్యమానికి ఈ నాటకం బలమైన నిదర్శనమయింది.

మధురవాణి మాట మనిషిని బట్టి మారుతుంది. రామప్ప పంతులుతో మాట్లాడేటప్పుడు వినయం, గారాబం, వ్యంగ్యం కలగలిసి ఉంటాయి. కరటక శాస్త్రితో మాట్లాడేటప్పుడు సూటిగా, చనువుగా మాట్లాడుతుంది. సౌజన్యారావుతో మాట్లాడేటప్పుడు చదువుకున్న మనిషి వాదన వలె ఉంటుంది. ఎవరి వద్ద ఎంత నమ్మకం ఉన్నదో ఆమె భాషను బట్టి పాఠకుడు అంచనా వేయవచ్చు.

పాత్రపై చర్చ

మధురవాణి పాత్రపై రెండు ప్రధానమైన అభిప్రాయాలున్నాయి. మొదటిది, వృత్తిరీత్యా హీనంగా చూడబడిన స్త్రీలో లోకం గౌరవించే పురుషులకు లేని నీతిని రచయిత చూపించాడని, నాటకానికి అసలు నాయిక ఆమెయేనని. రెండవది, అంతటి ఉదాత్తత ఆ పరిస్థితులలోని స్త్రీకి సహజం కాదని, రచయిత ఆమెను ఆదర్శీకరించాడని.

రెండవ అభిప్రాయానికి సమాధానం నాటకంలోనే కొంత దొరుకుతుంది. ఆమె త్యాగమూర్తి కాదు. నగల విషయంలో ఖచ్చితంగా ఉంటుంది, అబద్ధం చెబుతుంది, మనుషులను ఆడిస్తుంది, ఇద్దరు పురుషులను ఒకే మంచం క్రింద దాచగలదు. కరటక శాస్త్రికి చేసిన సాయంలో దయతో పాటు, తనను తక్కువగా చూసే పంతులును బోల్తా కొట్టించే సంతోషం కూడా ఉన్నది. ఆమె మంచితనం, ఆమె చమత్కారం రెండూ ఒకే అనుభవం నుండి పుట్టినవే. తన పొత్తులలో ఎప్పుడూ క్రింది మెట్టు మీద ఉన్నందున, పై మెట్టు వారికి కనిపించనివి ఆమెకు కనిపిస్తాయి.

రంగస్థలం, సినిమా

నాటకం నిడివి ఎక్కువ కావడం వలన సాధారణంగా కుదించి ప్రదర్శిస్తారు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన సోదరులు జె.వి.సోమయాజులు, జె.వి.రమణమూర్తి ఈ నాటకాన్ని అనేక పర్యాయాలు ప్రదర్శించారు. అందులో రమణమూర్తి గిరీశంగా, సోమయాజులు రామప్ప పంతులుగా పేరు పొందారు.

1955లో పి.పుల్లయ్య దర్శకత్వంలో, డి.ఎల్.నారాయణ నిర్మాణంలో కన్యాశుల్కం చలనచిత్రంగా వచ్చింది. మధురవాణిగా సావిత్రి, గిరీశంగా ఎన్.టి.రామారావు, రామప్ప పంతులుగా సి.యస్.ఆర్.ఆంజనేయులు, లుబ్ధావధాన్లుగా గోవిందరాజుల సుబ్బారావు, బుచ్చమ్మగా షావుకారు జానకి, సౌజన్యారావుగా గుమ్మడి వెంకటేశ్వరరావు నటించారు. సంగీతం ఘంటసాల వెంకటేశ్వరరావు అందించాడు. సావిత్రి నటజీవితంలో ముఖ్యమైన పాత్రలలో మధురవాణిని ఒకటిగా చెబుతారు.

వెల్చేరు నారాయణరావు ఈ నాటకాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు. ఆ అనువాదం 2007లో అమెరికాలో ప్రచురితమయింది.

తరువాతి సాహిత్యం

పోలీసులు, వకీళ్ళు, దళారుల నడుమ నలిగే బలహీనుల కథను ఉత్తరాంధ్ర పలుకుబడిలో చెప్పే పద్ధతి గురజాడ తరువాత కూడా కొనసాగింది. శ్రీకాకుళంలో 1922లో జన్మించి విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ఈ కోవలో ముఖ్యుడు. ఆయన ఆరు సారా కథలు, నిజం నాటకం వంటి రచనలలో న్యాయస్థానం వరకు వచ్చిన నేరం వెనుక ఎవరి బలం ఎంత అన్న ప్రశ్నయే ప్రధానం. ఎవరు నేరం చేశారు అన్నదానికంటే, ఎవరి మాటకు విలువ ఉన్నది, ఎవరి మాటకు లేదు అన్నది ఇటువంటి రచనలలో ముఖ్యమవుతుంది. మధురవాణి పాత్రకు నేటికీ ఉన్న ప్రాధాన్యం కూడా అదే. హత్య కేసులో నిజం తెలిసి, దానిని చెప్పడానికి ముందుకు వచ్చిన సాక్షి ఆమె ఒక్కతే. సాక్షిగా ఎవరూ పిలవని మనిషి కూడా ఆమెయే.

ఇవి కూడా చూడండి

గురజాడ అప్పారావు
కన్యాశుల్కం (నాటకం)
కన్యాశుల్కం (1955 సినిమా)
గిరీశం
గిడుగు వెంకట రామమూర్తి
విజయనగరం